రేన్‌హామ్ హాల్ మెట్ల మీది ‘బ్రౌన్ లేడీ’ ఫొటో నిజమా? అసలు ఆవిడ ఎవరు?

రాత్రిబండి:
దెయ్యం ఫొటో అని నెట్‌లో వెతికితే ముందు వరసలోనే వచ్చే ఒక నలుపు తెలుపు ఫొటో ఉంటుంది, మీలో చాలామంది చూసే ఉంటారు. వెడల్పాటి చెక్క మెట్లు, పక్కన రెయిలింగ్, మధ్యలో మేలిముసుగు కప్పుకున్న ఆడమనిషి దిగి వస్తున్నట్టు పొగలాంటి తెల్లటి ఆకారం. ఇంగ్లండులో నార్ఫోక్ ప్రాంతంలో, ఫేకన్‌హామ్ ఊరికి దగ్గర్లో ఉన్న రేన్‌హామ్ హాల్ అది. 1619లో కట్టడం మొదలుపెట్టిన ఇల్లు, టౌన్షెండ్ వంశం వాళ్లది, ఇప్పటికీ వాళ్ల చేతిలోనే ఉంది.

1936 సెప్టెంబర్ 19న కెప్టెన్ ప్రావండ్, ఇంద్రే షిరా అనే ఇద్దరు లండన్ ఫొటోగ్రాఫర్లు ‘కంట్రీ లైఫ్’ పత్రిక కోసం ఆ ఇంటిని ఫొటోలు తీస్తున్నారు. సాయంత్రం నాలుగు గంటల వేళ మెట్ల దగ్గర ఒక ఫొటో తీసి రెండోదానికి సిద్ధమవుతుంటే, షిరాకి మెట్ల మీద పల్చటి ఆకారం ఒకటి కిందికి వస్తున్నట్టు కనిపించింది. త్వరగా, త్వరగా అని అరిచి ఫ్లాష్ నొక్కేశాడు. ప్రావండ్ కెమెరా నల్లగుడ్డ కింద తల పెట్టుకుని ఉన్నాడు, అతను ఏమీ చూడలేదు. గుడ్డ తీసి ఏంటి ఈ గోల అని అడిగాడట. ఫొటో కడిగేటప్పుడు మాత్రం ఆకారం నెగటివ్‌లో ఉంది. వెంటనే షిరా తమ స్టూడియో కింది అంతస్తులో ఉన్న మందుల షాపు మేనేజర్‌ని సాక్షిగా పిలుచుకొచ్చాడు. 1936 డిసెంబర్ 26న కంట్రీ లైఫ్‌లో అచ్చయింది, పది రోజులు తిరక్కముందే, 1937 జనవరి 4న, అమెరికాలో ‘లైఫ్’ పత్రిక వేసింది. అప్పట్లో దెయ్యాల పరిశోధనలో బాగా పేరున్న హ్యారీ ప్రైస్ ఆ ఇద్దరినీ ప్రశ్నించి, ఇద్దరూ కూడబలుక్కుంటే తప్ప ఇది మోసం కాలేదు, నెగటివ్‌లో ఏ మార్పూ లేదు అని తేల్చాడు.

దాదాపు తొంభై ఏళ్లయింది, ఇంకా దీని మీద గొడవ ఆగలేదు. మీరేమంటారు? కొట్టిపారేసే ముందు దయచేసి కారణం కూడా రాయండి.

స్టూడియోవాలా:
మా నాన్నగారిది ఫొటో స్టూడియో, ఫొటోలు కడిగే హైపో మందు వాసనలో పెరిగినవాణ్ని కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి చెప్తాను. ‘నెగటివ్‌లో ఏ మార్పూ లేదు’ అన్న మాట దగ్గరే అందరూ పొరబడుతున్నారు. దాని అర్థం కడిగిన తరవాత నెగటివ్‌ని ఎవరూ గీకలేదు, రంగు వెయ్యలేదు, రీటచ్ చెయ్యలేదు అని మాత్రమే. ఒకే ప్లేటు (అప్పట్లో ఫిల్ము బదులు వాడే గాజుపలక) మీద రెండుసార్లు వెలుగు పడితే ఆ నెగటివ్ కూడా అంతే శుభ్రంగా ఉంటుంది. స్టూడియోల్లో ఒకే మనిషి పక్కపక్కన ఇద్దరుగా కూర్చున్నట్టు తీసే డబుల్ యాక్షన్ ఫొటోలు గుర్తున్నాయా? ఆ నెగటివ్ పట్టుకుని భూతద్దంతో ఎంత చూసినా ఎక్కడా అతుకు దొరకదు.

ఇంకో సంగతి. పెద్ద సైజు ప్లేట్ కెమెరాలో నల్లగుడ్డ కప్పుకునేది వెనకాల గరుకుటద్దం మీద తలకిందులుగా పడే బొమ్మను చూసి ఫోకస్ చెయ్యడానికి. ఫోకస్ అయ్యాక లెన్స్ మూసి, ఆ అద్దం ఉన్న చోట ప్లేటు ఉన్న హోల్డర్ దూర్చి, హోల్డర్ ముందున్న పలక పైకి లాగి, అప్పుడు లెన్స్ తెరవాలి. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా కొన్ని క్షణాలు పడుతుంది. షిరా చెప్పిన కథలోనేమో ప్రావండ్ ఇంకా రెండో ఫొటోకి ఫోకస్ చేస్తూనే ఉన్నాడు, ఇతను అరిచాడు, వెంటనే ఫ్లాష్ వెలిగింది, ఫొటో పడింది. ప్లేటు ఎప్పుడు పెట్టినట్టు? నాకు అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఇదే.

తరవాత ఫొటోను నిశితంగా చూసినవాళ్లు ఇంకా రెండు విషయాలు పట్టుకున్నారు. ఒక్కో మెట్టు అంచు పైన సన్నటి తెల్లగీత ఉంది, మెట్టు రెండుసార్లు పడినట్టు. రెయిలింగ్ పైభాగంలో వెలుగు మెరుపు కూడా రెండు చోట్ల కనిపిస్తుంది. కెమెరా రెండు ఎక్స్‌పోజర్ల (ప్లేటు మీద వెలుగు పడనిచ్చిన రెండు సార్ల) మధ్య వెంట్రుకవాసి కదిలినా ఇలాగే వస్తుంది. మంచి స్కాన్ దొరికితే జూమ్ చేసి చూడండి, నా మాట నమ్మక్కర్లేదు.

చీకటితోట:
స్టూడియోవాలా గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ప్రావండ్ ప్లేటు అప్పటికే పెట్టేసి, గుడ్డ తీయకుండా అలాగే తల ఉంచి ఉండొచ్చు కదా. షిరా చెప్పేటప్పుడు ‘ఫోకస్ చేస్తున్నాడు’ అని ఉజ్జాయింపుగా అని ఉండొచ్చు. అంత టెన్షన్‌లో జరిగినదాన్ని తరవాత కూర్చుని చెప్పేటప్పుడు ఏ మనిషీ సెకండ్ల లెక్కన చెప్పలేడు. కెమెరా కదిలింది అంటున్నారు, కానీ కెమెరా కదిలితే మెట్లు రెండుగా పడతాయి గానీ ఆడమనిషి ఆకారం ఎక్కడి నుంచి వస్తుంది?

పైగా ఆవిణ్ని చూసింది ఈ ఇద్దరే కాదు. అంతకు వందేళ్ల ముందు నుంచీ చూసినవాళ్లున్నారు. ఒక్క ఫొటోని పట్టుకుని అందరినీ అబద్ధాలకోర్లని చెయ్యడం నాకు నచ్చదు. నేను దెయ్యాలు ఉన్నాయనే నమ్ముతాను, ఆ మాట దాచుకోవాల్సిన అవసరం నాకు లేదు.

పాతపుస్తకం:
చీకటితోట గారు చెప్పిన ఆ పాత సాక్ష్యాల సంగతి నేను రాస్తాను, ఎందుకంటే ఫొటో కన్నా నాకు అవే ఆసక్తి.

మొదటిది 1835 క్రిస్మస్. ఇంటి నిండా చుట్టాలు. కల్నల్ లోఫ్టస్, హాకిన్స్ అనే ఇంకో అతిథి రాత్రి పడుకోవడానికి గదులకు వెళ్తుండగా పాతకాలపు గోధుమరంగు పట్టు గౌనులో ఒకావిడ కనిపించింది. ‘బ్రౌన్ లేడీ’ అన్న పేరు వచ్చింది ఆ గౌను రంగు వల్లే. మర్నాడు సాయంత్రం లోఫ్టస్‌కి మళ్లీ ఎదురైంది, ఈసారి ఆమె ముఖం వెలుగుతూ ఉందనీ, కళ్లుండాల్సిన చోట రెండు నల్లటి గుంటలు ఉన్నాయనీ చెప్పాడు. పనివాళ్లలో కొందరు మానేసి వెళ్లిపోయారని కూడా అంటారు.

రెండోది కెప్టెన్ ఫ్రెడరిక్ మ్యారియట్ కథ. నౌకాదళ అధికారి, పేరున్న నవలాకారుడు. 1824లో రంగూన్ మీదికి ఇంగ్లీషువాళ్లు వెళ్లినప్పుడు మద్రాసు పటాలాలున్న ఆ దండయాత్రలో ఓడ నడిపినవాడు, అంటే తేలిగ్గా బెదిరే మనిషి కాదు. ఇదంతా చుట్టుపక్కల దొంగసరుకు రవాణా చేసేవాళ్ల పన్నాగమని అతని అనుమానం. అందుకని ఆవిడ చిత్రపటం ఉన్న గదే కావాలని అడిగి అందులో పడుకున్నాడు. మూడో రాత్రి బట్టలు మార్చుకుంటుంటే ఇంటివాళ్ల కుర్రాళ్లు ఇద్దరొచ్చి కొత్త తుపాకి చూద్దురు రమ్మన్నారు. తన పిస్తోలు చేత్తో పట్టుకుని చొక్కా పంట్లాంలోనే వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు నడవా చివర దీపం వెలుగు కనిపించింది. ఎవరో ఇంటి ఆడవాళ్లు పిల్లల గదికి వెళ్తున్నారేమో, ఈ అవతారంలో కనపడితే బాగోదని ముగ్గురూ ఒక తలుపు చాటుకు చేరారు. మ్యారియట్ తలుపు సందులోంచి చూస్తే పటంలో ఉన్న ఆ గౌనే. ఆవిడ సరిగ్గా ఆ తలుపు ముందుకొచ్చి ఆగి, దీపాన్ని ముఖం దగ్గరికి ఎత్తి, ఇతని వంక చూసి వికృతంగా నవ్విందట. ఇతను బయటికి దూకి నేరుగా ముఖం మీద కాల్చాడు. ఆకారం మాయమైంది. గుండు ఎదురుగా ఉన్న గది తలుపులోంచి దూసుకుపోయి లోపలి తలుపు చెక్కలో దిగింది.

చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, నాకూ జలదరించింది. కానీ ఇది మనకు చెప్పింది మ్యారియట్ కాదు, ఆయన కూతురు ఫ్లోరెన్స్. సంఘటన 1836లో అంటారు, అప్పటికి ఆమెకు మూడేళ్లు. తండ్రి 1848లో పోయేటప్పటికి పదిహేనేళ్లు. ఆమె పుస్తకం వచ్చింది 1891లో, అంటే యాభై అయిదేళ్ల తరవాత. పైగా అప్పటికామె చనిపోయినవాళ్లతో మాట్లాడొచ్చని గట్టిగా నమ్మే ప్రేతవాదుల్లో ముఖ్యురాలు. ఆమె అబద్ధమాడిందని నేననను, తండ్రి నోట విన్న కథను ప్రేమగా రాసుకుని ఉంటుంది. కానీ సాక్ష్యం అంటే మాత్రం ఇది చాలా బలహీనం.

నార్విచ్_అక్క:
నేనుండేది నార్విచ్‌లో, రేన్‌హామ్ కారులో గంటలోపు దూరం. ఈ చర్చలో మీరంతా ఆవిడ, ఆవిడ అంటున్నారు, ఇంతవరకూ ఒక్కరు కూడా పేరు రాయలేదు! నాకు అదే బాధ. ఆమె పేరు డొరొతీ వాల్పోల్. 1686లో పుట్టింది, 1726 మార్చి 29న పోయింది, నలభై ఏళ్లు కూడా నిండలేదు. అన్న రాబర్ట్ వాల్పోల్, బ్రిటన్‌కి మొదటి ప్రధానమంత్రి అని చరిత్రలో చెప్పుకునే మనిషి. భర్త చార్ల్స్ టౌన్షెండ్, ఆ వంశంలో వైకౌంట్ అనే ప్రభువుల బిరుదున్న రెండోవాడు, 1713లో ఆయనకి రెండో భార్యగా వెళ్లింది.

కథ ఏమంటుందంటే, చిన్నప్పటి నుంచీ వీళ్లిద్దరికీ ప్రేమ, ఆమె తండ్రి పెళ్లికి ఒప్పుకోలేదు, మనసు విరిగి లార్డ్ వార్టన్ అనే ఇంకో ప్రభువుతో తిరిగింది, తరవాత టౌన్షెండ్‌ని చేసుకుంది, పాత సంగతి తెలిసి ఆయన రేన్‌హామ్‌లో గదిలో పెట్టి తాళం వేశాడు, పిల్లల్ని కూడా చూడనివ్వలేదు, అక్కడే చచ్చిపోయింది, అందుకే తిరుగుతోంది.

ఇప్పుడు తేదీలు చూడండి. టౌన్షెండ్ మొదటి పెళ్లి 1698లో. అప్పటికి డొరొతీకి సుమారు పన్నెండేళ్లు. తండ్రి 1700లో పోయాడు, అప్పటికి పద్నాలుగు. ఏ ప్రేమ, ఏ నిరాకరణ? ఇక తాళం వేసి బంధించాడన్న మాట. 1721 నుంచి టౌన్షెండ్ విదేశాంగ వ్యవహారాలు చూసే మంత్రి, బావమరిది ప్రధానమంత్రి, ఇద్దరూ కలిసి ప్రభుత్వం నడుపుతున్న రోజులవి. 1725లో రాజుతో పాటు జర్మనీలో హనోవర్ వెళ్లి అక్కడ ఒప్పందం కుదిర్చే పనిలో ఉన్నాడు. ప్రధానమంత్రి చెల్లెల్ని కొట్లో పెట్టి తాళం వేస్తే వాళ్లకున్న శత్రువులు ఊరుకుంటారా, లండన్ అంతా టముకు వెయ్యరా? చావుకి రాసిన కారణం మశూచి. ఆ ఒక్కటే మనకు గట్టిగా తెలిసింది.

మూడువందల ఏళ్లుగా ఆమెని చెడిపోయిన భార్య అనో, కళ్లులేని దెయ్యం అనో తప్ప వేరేలా ఎవరూ తలుచుకోవట్లేదు. నాకు ఫొటో నిజమా అబద్ధమా అన్నదానికన్నా ఇది ఎక్కువ అన్యాయంగా అనిపిస్తుంది.

రాత్రిబండి:
అక్కా, ఈ తేదీలు నేనెక్కడా చదవలేదు, చాలా థాంక్స్. మరి వార్టన్ సంగతి ఏంటి? అది కూడా పుట్టించిందేనా?

నార్విచ్_అక్క:
వార్టన్ ఇంటి విషయంలో ఏదో గొడవ అయితే జరిగి ఉండొచ్చు తమ్ముడూ. ఆ కాలంలో లేడీ మేరీ వర్ట్లీ మాంటేగు అని గొప్ప రచయిత్రి ఉండేది, డొరొతీని వార్టన్ భార్యే ఇంటికి పిలిచి ఇరికించిందన్న కథ ఆవిడ పేరు మీదే ప్రచారంలో ఉంది. వార్టన్ అప్పటికే ఆడవాళ్ల విషయంలో పేరు పాడుచేసుకున్న మనిషి, అతని ఇంట్లో ఒక పెళ్లికాని పిల్ల నాలుగు రోజులుంటే చాలు, ఊరు నోరు పారేసుకోవడానికి. ఉన్నదంతా పెళ్లికి ముందుదే, చూశారా. ఆ పుకారునే పట్టుకుని తరవాతి తరాలవాళ్లు జైలు గది కట్టేశారు.

డాక్టర్_కాకినాడ:
మశూచి మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. అది సోకాక పది పన్నెండు రోజులు ఏమీ తెలియదు, తరవాత విపరీతమైన జ్వరం, నడుం నొప్పి, ఆపైన పొక్కులు, ముఖం మీద మరీ ఎక్కువ. ముఖం వాచి కళ్లు మూసుకుపోతాయి, కొందరికి చూపే పోయేది. సోకిన ప్రతి పదిమందిలో ముగ్గురు పోయేవాళ్లు. అలాంటి రోగిని వేరే గదిలో పెట్టి, పిల్లల్ని అటువైపు పోనివ్వకుండా చెయ్యడం ఏ ఇంట్లోనైనా జరిగేదే. మన ఊళ్లలో అమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కట్టి లోపలికి ఎవర్నీ రానిచ్చేవాళ్లు కాదు కదా, అలాంటిదే. గదిలో పెట్టారు, పిల్లల్ని చూడనివ్వలేదు అనే రెండు ముక్కలూ ఇక్కడి నుంచి పుట్టి ఉండొచ్చని నా ఊహ. ఊహే, రుజువు అని చెప్పను.

నార్విచ్_అక్క గారు చెప్పిన ఆ మేరీ మాంటేగుకి స్వయంగా మశూచి వచ్చి ముఖం మీద మచ్చలు మిగిలాయి. భర్త టర్కీలో రాయబారిగా ఉన్నప్పుడు అక్కడి ముసలమ్మలు పొక్కు రసాన్ని కొద్దిగా గీరిన చర్మంలో ఎక్కించి జబ్బు తీవ్రంగా రాకుండా చేయడం చూసి, 1718లో కొడుక్కి అక్కడే చేయించింది. 1721లో లండన్‌లో కూతురికి చేయించింది, ఇంగ్లండులో అది మొదలైంది అలాగే. డొరొతీ చనిపోయింది అయిదేళ్ల తరవాత. డొరొతీకి చేయించి ఉంటే అని చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

చీకటితోట:
డాక్టర్ గారూ, కళ్లు మూసుకుపోతాయి, చూపు పోయేది అన్నారు. మరి లోఫ్టస్ చూసిన ముఖంలో కళ్ల చోట గుంటలున్నాయి. నాకైతే ఇది వింటే నమ్మకం తగ్గలేదు, పెరిగింది. ఆమె మశూచితోనే పోయింది అనుకుందాం, అలా పోయిన మనిషి అలాగే కనిపించడంలో వింత ఏముంది?

పాతపుస్తకం:
దానికి నా దగ్గర జవాబు ఉంది. లోఫ్టస్ చూసిందీ స్వయంగా రాసిపెట్టింది కాదు, లూసియా స్టోన్ అనే ఆవిడ ద్వారా మనకు వచ్చింది. అంటే రెండు పాత కథలూ వేరేవాళ్ల నోటి ద్వారా వచ్చినవే. చెప్పిన కొద్దీ ముఖం భయంకరంగా మారడం మామూలే. ఇంకోటి, 1926లో అప్పటి లేడీ టౌన్షెండ్ తన కొడుకూ వాడి స్నేహితుడూ మెట్ల మీద ఆమెను చూశారని, పటంలో ఉన్నావిడేనని గుర్తుపట్టారని చెప్పింది. ఇంటి నిండా ఆ కథే వింటూ, ఆ పటమే చూస్తూ పెరిగిన పిల్లలు మసక చీకట్లో ఎవర్ని గుర్తుపడతారు?

ఫొటో వచ్చిన 1936లోనే ఆ ఇంటి మార్షనెస్ (అంటే ప్రభువుగారి భార్య బిరుదు) గ్లాడిస్ టౌన్షెండ్ ఇంకొకావిడతో కలిసి దెయ్యాల కథల పుస్తకం వేసింది. దీన్ని బట్టి ఆవిడే ఫొటో చేయించిందని నేను అనట్లేదు, దానికి ఏ ఆధారమూ లేదు. కానీ ఆ ఏడాది ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఎవరికైనా ఈ కథ ముందే చెవిన పడి ఉంటుంది, ఫొటోగ్రాఫర్లతో సహా.

వరిచేను:
నేను వ్యవసాయం చదివినవాణ్ని, దెయ్యం కోసం వచ్చి టౌన్షెండ్ పేరు చూసి ఆగిపోయాను. మా క్లాసులో చెప్పిన ‘టర్నిప్ టౌన్షెండ్’ ఈయనే కదా! నార్ఫోక్ నాలుగు పంటల పద్ధతి. గోధుమ, టర్నిప్, బార్లీ, క్లోవర్ అనే పశుగ్రాసం, ఇలా ఏటా మారుస్తూ వేస్తే పొలం బీడు పెట్టక్కర్లేదు. టర్నిప్ దుంపలు చలికాలంలో పశువులకు మేత, వాటి పేడ పొలానికి ఎరువు, క్లోవర్ నేలలో నత్రజని నింపుతుంది. ఆయన కనిపెట్టింది కాదు, నార్ఫోక్‌లో అంతకుముందే ఉంది, ఈయన పెద్ద ఎత్తున చేసి పేరు తెచ్చాడు. ఇంత పని చేసినాయన భార్యకి తాళం వేసిన రాక్షసుడిగా మిగలడం చూస్తే నాకు నార్విచ్_అక్క గారి బాధ అర్థమవుతోంది.

నార్విచ్_అక్క:
అవును, ఆయనే. బావమరిదితో చెడి 1730లో పదవి వదిలేసి రేన్‌హామ్ వచ్చేశాడు, పోయేదాకా పొలాలే చూసుకున్నాడు. వాల్పోల్‌తో చెడింది డొరొతీ పోయిన తరవాతే, విదేశాంగ విధానం మీదా పెత్తనం మీదా. ఆమె ఉన్నంతకాలం రెండు కుటుంబాలూ కలిసే ఉన్నాయి. ఈ మాటే ఎవరూ చెప్పరు.

స్టూడియోవాలా:
చీకటితోట గారు ముందు అడిగినదానికి జవాబివ్వలేదు, ఇప్పుడు రాస్తాను. కెమెరా కదిలితే మెట్లు రెండుగా పడతాయి సరే, ఆకారం ఎక్కడిది అన్నారు. రెండో ఎక్స్‌పోజర్‌లో తెల్లటి ముసుగు కప్పుకున్న మనిషో, బొమ్మో ఉంటే చాలు. మేరీమాత విగ్రహంలా ఉందని అన్నవాళ్లు కూడా ఉన్నారు, ఫొటో చూస్తే తల మీంచి జారిన మేలిముసుగు తీరు నిజంగా అలాగే ఉంటుంది. జాన్ బూత్ అనే మెజీషియన్ హాలీవుడ్‌లోని మ్యాజిక్ కాజిల్ అనే మెజీషియన్ల క్లబ్బు మెట్ల మీద తన స్నేహితుడికి దుప్పటి కప్పి దిగమని, ఆ బొమ్మని ఖాళీ మెట్ల ఫొటో మీద కలిపి చూపించాడు. దాదాపు ఇలాగే వచ్చింది. తెల్లటి వస్తువు వెనక నల్లటి తెర ఉంటే ప్లేటు మీద ఆ తెలుపు ఒక్కటే పడుతుంది, మెట్లు దాని లోపలి నుంచి కనిపిస్తాయి. పొగలా అనిపించేది అందుకే.

వాళ్లిద్దరూ కావాలనే చేశారని నేను ఒట్టు పెట్టి చెప్పలేను. చెయ్యడం మాత్రం ఆ రోజుల్లో ఏ స్టూడియో కుర్రాడికైనా చేతనయ్యే పని.

చీకటితోట:
చేయగలరు అనడానికీ చేశారు అనడానికీ చాలా తేడా ఉందండీ. ప్రైస్ ఇద్దర్నీ అడిగాడు, ఇద్దరూ తొణకలేదు. అది నాకు చిన్న విషయం కాదు.

పాతపుస్తకం:
ప్రైస్ గురించి ఒక్క మాట. బోర్లీ రెక్టరీ అనే ఇంటిని ఇంగ్లండులో అన్నిటికన్నా దెయ్యాలున్న ఇల్లు అని ప్రచారం చేసింది ఆయనే. 1948లో ఆయన పోయాక ముగ్గురు పరిశోధకులు ఆ కేసంతా తిరగదోడి 1956లో వేసిన నివేదికలో, కొన్ని సంఘటనలు ప్రైసే కల్పించి ఉంటాడని అనుమానం వెలిబుచ్చారు. దాన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఎలా చూసినా ఆయన మాట ఒక్కదాని మీదే రేన్‌హామ్ ఫొటోను నిలబెట్టడం కష్టం.

రాత్రిబండి:
నేను ఈ చర్చ మొదలుపెట్టింది ఫొటో కోసం, కానీ ఇప్పుడు నాకు డొరొతీ గురించే ఎక్కువ తెలుసుకోవాలనుంది. వచ్చే ఏడాది వేసవిలో మా చెల్లి దగ్గరికి లెస్టర్ వస్తున్నాను. రేన్‌హామ్ లోపలికి వెళ్లి చూడొచ్చా అక్కా?

నార్విచ్_అక్క:
అది ఇప్పటికీ వాళ్లు కాపురముండే ఇల్లు, రోజూ తెరిచి ఉండదు. కొన్ని రోజుల్లో గైడెడ్ టూర్లు, అప్పుడప్పుడు సంగీత కచేరీలు పెడతారు. వాళ్ల సైట్‌లో తేదీలు చూసి ముందే బుక్ చేసుకో. బయటి నుంచి ఎర్ర ఇటుక గోడలు, వంపు తిరిగిన పైకప్పు అంచులు. లోపల చాలా భాగం డొరొతీ భర్త విలియం కెంట్ చేత చేయించిందే. టికెట్ దొరక్కపోతే దిగులుపడకు, దగ్గర్లోనే హౌటన్ హాల్ ఉంది, రాబర్ట్ వాల్పోల్ కట్టించింది, వేసవిలో తెరిచే ఉంటుంది. డొరొతీ పుట్టింటి ఊరు అదే కాబట్టి నన్నడిగితే ముందు అక్కడికే వెళ్లమంటాను. లెస్టర్ నుంచి రెండున్నర గంటలు పట్టొచ్చు, రైలు కన్నా కారే నయం, ఆ పల్లెలకు బస్సులు తక్కువ. వచ్చే ముందు ఇక్కడ మెసేజ్ పెట్టు, నాకు సెలవుంటే నేనూ వస్తాను.

చీకటితోట:
రాత్రిబండి గారూ, రేన్‌హామ్ టూర్ దొరికితే మ్యారియట్ కాల్చిన గుండు దిగిన తలుపు గురించి గైడ్‌ని అడగండి. ఏం చెప్పారో ఇక్కడ రాయండి, ఏది చెప్పినా నేను చదువుతాను.